రాళ్ళను చదివిన పండితుడు – కలంబూరు శివరామమూర్తి

కడప మండలంలో పాపాఘ్ని నది పెన్నానదిలో కలిసే తావుకు చేరువగా కమలాపురం ఉన్నది. ఎండలకు, నాపరాళ్ళకు, వానకై ఎదురుచూసే చేలకు పేరుపడిన ఈ సీమ శిలాసంపదలో మాత్రం ఏ సీమకూ తీసిపోదు. పెన్న ఒడ్డున పుష్పగిరి ఆలయాల గోడలపై రామాయణ భారత కథలు శిల్పాలై నిలిచి ఉన్నాయి. పూర్వపు కమలాపురం తాలూకాలోని కలమళ్ళ, ఎర్రగుడిపాడు గ్రామాలలో తెలుగు భాషలో వెలసిన తొలి శాసనాలు దొరికాయి. రేనాటి చోళుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలపు కలమళ్ళ శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిదని చరిత్రకారులు నిర్ణయించారు.

ఇటువంటి రాయి ఒకటి గుడి ఆవరణలో శతాబ్దాల తరబడి పడి ఉంటుంది. దానిమీద పిల్లలు ఆడుకుంటారు, బాటసారులు కూర్చుంటారు. ఒకనాడు దానిని చదవగలిగిన వ్యక్తి వస్తాడు. ఆ క్షణంలో అది కేవలం రాయిగా ఉండడం మాని చరిత్ర అవుతుంది. చదవగలిగినవాడు రాకపోతే అది ఏ ఇంటి పునాదిలోనో కలిసిపోతుంది. రాయి బతకడానికి, నశించడానికి నడుమ ఉన్న తేడా ఒక మనిషి చదువు మాత్రమే.

అటువంటి చదువును జీవితవృత్తిగా స్వీకరించి, తెలుగునేలకు చెందిన అమరావతి శిల్పాలకు ప్రామాణికమైన వ్యాఖ్యానం రచించిన పండితుడు కలంబూరు శివరామమూర్తి. మద్రాసు మ్యూజియంలో క్యూరేటరుగా పనిచేసి, కలకత్తాలోని ఇండియన్ మ్యూజియం పురావస్తు విభాగాన్ని నిర్వహించి, చివరకు ఢిల్లీలోని జాతీయ మ్యూజియానికి డైరెక్టరైన ఆయన జీవితం, కళాచరిత్రను చదువుకున్న వ్యక్తి మ్యూజియంలో ఏమి సాధించగలడో తెలియజెప్పే నిదర్శనం.

శివరామమూర్తి 1909లో పండిత కుటుంబంలో జన్మించారు. తండ్రి సుందరశాస్త్రి సంస్కృత విద్వాంసులు. ఇంటిలో కావ్యపఠనం నిత్యకృత్యం. కాళిదాసు, బాణభట్టు, భవభూతి మొదలైన కవుల రచనలు బాల్యం నుండే ఆయనకు పరిచితమయ్యాయి. మద్రాసులో సంస్కృతాన్ని ప్రత్యేకంగా అభ్యసించి ఉన్నత విద్యను పూర్తి చేశారు.

ఆనాడు సంస్కృతం చదివినవారికి తెరచి ఉన్న దారులు కొద్ది. కళాశాలలో అధ్యాపకుడు కావచ్చు, లేదా ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో తాళపత్రాలను పరిష్కరించవచ్చు. కళాచరిత్రను ప్రత్యేక శాస్త్రంగా బోధించే విభాగాలు దక్షిణ భారత విశ్వవిద్యాలయాలలో ఇంకా ఏర్పడలేదు. శివరామమూర్తి తనకు కావలసిన శాస్త్రాన్ని తానే సమకూర్చుకోవలసి వచ్చింది. కావ్యాలను చదివేటప్పుడు ఆయన దృష్టి అలంకారాల దగ్గర ఆగలేదు. రాజాంతఃపురాలలోని చిత్రశాలలు ఎలా ఉండేవి, చిత్రకారుడు ఏ రంగులు వాడేవాడు, కుంచెను దేనితో చేసేవాడు, నాయిక ధరించిన హారం ఎన్ని పేటలది, వీణ ఏ ఆకారంలో ఉండేది అన్న విషయాలను ఆయన కావ్యాల నుండి ఏరి కూర్చారు. 1930 తరువాతి సంవత్సరాలలో బాణుని రచనలలోని చిత్రకళను గురించి, ప్రాచీన చిత్రకారుని జీవితాన్ని గురించి పరిశోధన వ్యాసాలు ప్రకటించారు.

వీటికి తోడు ఆయనకు మరొక విద్య ఉన్నది. ఆయన చక్కగా బొమ్మలు గీయగలరు. శిల్పాన్ని చూసి, దానిలోని ఒక కిరీటాన్నో కంకణాన్నో వేరుచేసి రేఖాచిత్రంగా గీయడం ఆయనకు అలవాటు. కావ్యజ్ఞానం, లిపిజ్ఞానం, చిత్రలేఖన నైపుణ్యం అనే మూడూ ఒకే వ్యక్తిలో కలవడం అరుదు. ఈ మూడింటి కలయికే ఆయన వృత్తిజీవితానికి పునాది అయినది.

మద్రాసు ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియం 1851లో ప్రారంభమైన సంస్థ. దక్షిణ భారతంలోని కంచు విగ్రహాలు, శాసనాలు, నాణేలు, శిల్పాలు అక్కడ పెద్దసంఖ్యలో చేరాయి. ఎఫ్. హెచ్. గ్రేవ్‌లీ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త దానికి సూపరింటెండెంటుగా ఉన్న రోజులలో శివరామమూర్తి పురావస్తు విభాగపు క్యూరేటరుగా చేరారు. గ్రేవ్‌లీ స్వతహాగా జంతుశాస్త్రవేత్త. ఏ వస్తువునైనా కొలిచి, వర్గీకరించి, పోల్చిచూసే శాస్త్రీయపద్ధతి ఆయనది. శివరామమూర్తిది కావ్యసంస్కారం. వారిద్దరూ కలిసి మ్యూజియం శిల్పాలను గురించి పుస్తకాలు వెలువరించారు. వస్తువును ప్రేమించడంతోపాటు దానిని నిష్పాక్షికంగా పరీక్షించడం కూడా అవసరమనే మ్యూజియం ధర్మం శివరామమూర్తికి ఇక్కడ అలవడింది.

బయటివారికి మ్యూజియం ఉద్యోగం వస్తువులకు కాపలా కాయడంగా తోచవచ్చు. నిజానికి క్యూరేటరు పని అంతకంటె చాలా విస్తృతమైనది. మ్యూజియానికి వచ్చిన ప్రతి వస్తువూ ఎక్కడ దొరికిందో, ఎప్పుడు వచ్చిందో, దాని కొలతలేమిటో పట్టికలో నమోదు చేయాలి. అది ఏ కాలానిదో, ఏ కథను చెబుతున్నదో నిర్ణయించాలి. చూడవచ్చిన సామాన్యునికి అర్థమయ్యేలా పరిచయ ఫలకం రాయాలి. వస్తువు దొరికిన చోటు ఒక్కసారి నమోదు కాకుండా పోయిందంటే దాని చరిత్రలో సగం శాశ్వతంగా పోయినట్లే. శివరామమూర్తి ముందు నిలిచిన పెద్ద పరీక్ష ఇటువంటిదే. అది అమరావతి.

గుంటూరు మండలంలో కృష్ణానది ఒడ్డున ఉన్న అమరావతి మహాస్తూపం క్రీస్తుకు పూర్వమే రూపుదిద్దుకుని, శాతవాహనుల కాలంలో వైభవస్థితికి చేరింది. పల్నాటి ప్రాంతపు లేత ఆకుపచ్చ సున్నపురాతిపై ఆనాటి శిల్పులు బుద్ధుని జీవితాన్ని, జాతక కథలను చెక్కారు. కాలక్రమంలో స్తూపం మట్టిదిబ్బగా మారింది. పద్దెనిమిదో శతాబ్ది చివర రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిలో కొత్త పట్టణాన్ని నిర్మిస్తున్నప్పుడు దిబ్బను తవ్వినవారికి రాళ్ళు బయటపడ్డాయి. వాటిలో కొన్ని కట్టడాలలో కలిశాయి. కొన్నింటిని సున్నానికి కాల్చారు. 1797లో ఆ స్థలాన్ని చూసిన కర్నల్ కాలిన్ మెకంజీ తరువాత మళ్ళీ వచ్చి, తన సహాయకులచేత శిల్పాలకు బొమ్మలు గీయించాడు. కడప మండలంతో సహా అనేక ప్రాంతాల గ్రామ కైఫీయతులను సేకరింపజేసినవాడు కూడా ఈ మెకంజీయే. ఆయన గీయించిన శిల్పాలలో కొన్ని ఆ తరువాత కనుమరుగయ్యాయి. వాటికి ఇప్పుడు ఆ బొమ్మలే ఆధారం.

1845లో వాల్టర్ ఇలియట్ తవ్వకాలు జరిపించి అనేక ఫలకాలను మద్రాసుకు చేర్చాడు. వాటిలో నూటికి పైగా శిల్పాలను 1859లో ఓడపై లండనుకు పంపారు. అక్కడ అవి కొన్నేళ్ళు ఒక శాలలో మరుగున పడి ఉండగా, 1867లో జేమ్స్ ఫెర్గుసన్ కంటబడ్డాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. ఆ తరువాత బర్జెస్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకు వచ్చాయి. ఈ విధంగా ఒకే స్తూపపు అంగాలు అమరావతి, మద్రాసు, లండను నగరాల నడుమ చెదరిపోయాయి. ఏ ఫలకం పక్కన ఏ ఫలకం ఉండేదో చెప్పగలిగే ఆధారాలు చాలావరకు నశించాయి. ఎగ్మూరు మ్యూజియంలో అనేక ఫలకాలను గోడలలో పొదిగి నిలబెట్టారు. చూపరులు వాటి అందానికి ముగ్ధులయ్యేవారేగాని, వాటి కథ తెలిసినవారు కొద్దిమందే.

శివరామమూర్తి ఆ రాళ్ళముందు కొన్ని సంవత్సరాలు శ్రమించారు. చెదరిపోయిన స్తూపాన్ని తిరిగి కట్టడం ఎవరికీ సాధ్యం కాదు. అయితే దానిని జ్ఞానంలో పునర్నిర్మించడం సాధ్యమే. ఆయన పూనుకున్న పని అది.

మొదట ఆయన శిల్పాలపై ఉన్న చిన్న చిన్న శాసనాలను పరిశీలించారు. అవి రాజశాసనాలు కావు. స్తూపానికి ఒక రాతినో స్తంభాన్నో సమర్పించిన సామాన్యుల పేర్లు. గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు, స్త్రీలు ఆ దాతలలో ఉన్నారు. పూర్ణఘటం చెక్కిన ఒక అందమైన ఫలకాన్ని సమర్పించినవాడు విధికుడనే చర్మకారుడు. ఒక మహారాజు పేరును నిలిపినట్లే చెప్పులు కుట్టి జీవించిన ఒక వ్యక్తి పేరును కూడా ఆ రాయి రెండువేల సంవత్సరాలుగా భద్రపరచింది. తెలుగు పదాలలో అతి ప్రాచీనమైనదిగా వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించిన ‘నాగబు’ అనే మాట కూడా అమరావతి రాతిపైననే కనిపించింది.

ఈ శాసనాలలోని అక్షరాల రూపం కాలాన్ని బట్టి మారుతుంది. ఒక అక్షరం మొదట నిటారు గీతగా ఉండి, క్రమంగా వంపు తిరిగి, చివర కొక్కెం తొడుగుకుంటుంది. ఈ మార్పులను ఆధారం చేసుకుని, శిల్పశైలిలోని తేడాలను దానికి జతపరచి, శివరామమూర్తి అమరావతి శిల్పాలను నాలుగు దశలుగా విభజించారు. మొదటి దశ క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దికి చెందినది. చివరి దశ క్రీ.శ. మూడో శతాబ్ది తొలిభాగానిది. తొలినాటి శిల్పాలలో బుద్ధుడు మానవరూపంలో కనిపించడు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, బోధివృక్షం ఆయనకు సంకేతాలు. తరువాతి శిల్పాలలో బుద్ధుని రూపం ప్రత్యక్షమవుతుంది. మ్యూజియం గోడపై పక్కపక్కన ఉన్న రెండు ఫలకాల మధ్య రెండు మూడు శతాబ్దాల దూరం ఉండవచ్చునని ఈ విభజన వలన స్పష్టమైంది.

తరువాత ఆయన శిల్పాలలోని కథలను గుర్తించారు. నలగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసిన ఘట్టాన్ని చెక్కిన వర్తులఫలకం మద్రాసు మ్యూజియంలో ప్రసిద్ధమైనది. ఒకవైపు మదించిన ఏనుగు వీథిలో పడి జనాన్ని తొక్కుతూ ఉంటుంది. భయంతో ఒక స్త్రీ పక్కవారిని పట్టుకుంటుంది. మేడల కిటికీల నుండి జనం తొంగిచూస్తూ ఉంటారు. మరొకవైపు అదే ఏనుగు బుద్ధుని పాదాలముందు మోకరిల్లి ఉంటుంది. రెండు క్షణాలను ఒకే వలయంలో ఇమిడ్చిన శిల్పి ప్రతిభ అది. మహాకవుల కావ్యాలలో రాజు ఊరేగుతుంటే పురస్త్రీలు పనులు విడిచి గవాక్షాలవద్దకు పరుగులు తీసే వర్ణనలు ఉన్నాయి. శిల్పంలోని గవాక్షాలకు, కావ్యంలోని గవాక్షాలకు ఉన్న సామ్యం సంస్కృతం చదివిన కంటికి వెంటనే తెలుస్తుంది. కవి, శిల్పి ఒకే జీవితాన్ని చూశారు. ఒకరు మాటలలో, మరొకరు రాతిలో దానిని నిలిపారు. ఈ సత్యం శివరామమూర్తి పరిశోధనలన్నింటికీ మూలసూత్రం.

ఆయన అంతటితో ఆగలేదు. శిల్పాలలో కనిపించే తలపాగాలు, ఆభరణాలు, వస్త్రధారణ, ఆసనాలు, ఆయుధాలు, రథాలు, వాద్యాలు మొదలైనవాటిని విడివిడిగా రేఖాచిత్రాలుగా గీశారు. ప్రతిదానికి కావ్యాలలో, శాస్త్రగ్రంథాలలో ఉన్న పేరును వెతికి జతపరచారు. దీనివలన శాతవాహనుల కాలపు తెలుగునేలపై ప్రజలు ఎలా జీవించారో తెలిపే సచిత్ర నిఘంటువు ఒకటి తయారైనట్లయింది.

ఈ కృషి ఫలితంగా 1942లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం ప్రచురణగా అమరావతి శిల్పాలపై ఆయన బృహద్గ్రంథం ఆంగ్లంలో వెలువడింది. అది రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న కాలం. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో జపాను దాడి జరుగుతుందనే భయంతో మద్రాసు ప్రజలు వేలాదిగా నగరం విడిచిపోయారు. రాళ్ళు నశించినా వాటి జ్ఞానం నశించకుండా కాపాడేది గ్రంథమేనని ఆ కాలం మరింత స్పష్టంగా తెలిపింది. ఈ గ్రంథం తరువాత పలుమార్లు పునర్ముద్రణ పొందింది. కాళిదాస కవితకు, శిల్పకళకు ఉన్న సంబంధాన్ని వివరించే మరొక పుస్తకాన్ని కూడా ఆయన అదే సంవత్సరం ప్రకటించారు.

పరిశోధనలో చివరి మాట అనేది ఉండదు. 1954లో బ్రిటిష్ మ్యూజియం అధికారి డగ్లస్ బారెట్ లండనులోని అమరావతి శిల్పాలను పరిశీలించి, శివరామమూర్తి నిర్ణయించిన కాలాలతో విభేదించాడు. ఆ తరువాతి తవ్వకాలు, పరిశోధనలు మరికొన్ని మార్పులు సూచించాయి. అయితే ఏకీభవించినవారూ, విభేదించినవారూ చర్చను ప్రారంభించవలసినది మాత్రం శివరామమూర్తి గ్రంథంతోనే. పండితుని కృషికి ఇంతకంటె గౌరవం మరొకటి లేదు.

లిపుల అధ్యయనాన్ని కూడా ఆయన విడిచిపెట్టలేదు. భారతీయ శాసనాలను, దక్షిణ భారత లిపులను గురించి ఆయన రచించిన గ్రంథం 1952లో వెలువడింది. బ్రాహ్మీలిపి నుండి నేటి తెలుగు, కన్నడ, తమిళ, మలయాళ లిపులవరకు అక్షరాలు రూపాంతరం చెందిన తీరును అందులో బొమ్మలతో చూపారు. నేడు మనం రాసే అక్షరానికీ, శాతవాహనుల నాటి అక్షరానికీ నడుమ తెగని బంధం ఉన్నదని ఆ గ్రంథం చదివినవారికి తెలుస్తుంది. బెజవాడ ద్వారపాలకుల వంటి తూర్పు చాళుక్యుల తొలినాటి శిల్పాలపై కూడా ఆయన ప్రత్యేక గ్రంథం రచించారు.

మద్రాసు నుండి శివరామమూర్తి భారత పురావస్తు శాఖలో చేరి, కలకత్తా ఇండియన్ మ్యూజియంలో పురావస్తు విభాగపు సూపరింటెండెంటుగా బాధ్యతలు స్వీకరించారు. కన్నింగ్‌హామ్ వెలికితీసిన భార్హుత్ స్తూప ప్రాకారం అక్కడ ఉన్నది. అమరావతిని ఔపోసన పట్టిన పండితునికి భార్హుత్ ఒక కొత్త తోబుట్టువువలె ఎదురయింది. ఆ మ్యూజియం పురావస్తు శాలలకు ఆయన రాసిన మార్గదర్శిని 1954లో వెలువడింది. పెద్ద గ్రంథాలు రాయగల పండితుడు సామాన్య సందర్శకుని కోసం చిన్న పుస్తకం రాయడాన్ని చిన్నతనంగా భావించలేదు. మ్యూజియం ప్రజలదని, చూసిపోయే బాలునికి కూడా అందులో భాగం ఉన్నదని ఆయన ఆచరణలో చూపారు.

అనంతరం ఆయన ఢిల్లీలోని జాతీయ మ్యూజియానికి వెళ్ళారు. 1949 ఆగస్టు 15న రాష్ట్రపతి భవనంలో ప్రారంభమైన ఆ సంస్థకు 1960లో సొంత భవనం ఏర్పడింది. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశం తన గతాన్ని తానే వివరించుకోవడానికి నెలకొల్పుకున్న మ్యూజియం అది. అందులో ఉన్నత పదవులు నిర్వహించి శివరామమూర్తి దానికి డైరెక్టరయ్యారు. ఆంగ్లేయ అధికారులు పట్టికలు రాసే కాలంలో ఉద్యోగం ప్రారంభించిన సంస్కృత పండితుడు, దేశపు ప్రధాన మ్యూజియానికి అధిపతి కావడం ఒక వ్యక్తి విజయం మాత్రమే కాదు. మన కళను మన సాహిత్యం వెలుగులో చూడాలనే దృక్పథానికి లభించిన గుర్తింపు కూడా.

పాలనాబాధ్యతల నడుమ కూడా ఆయన రచన ఆగలేదు. దక్షిణ భారత కంచు విగ్రహాలు, దక్షిణ భారత చిత్రకళ మొదలైన విషయాలపై గ్రంథాలు వెలువరించారు. నటరాజ మూర్తిని కళలో, తత్త్వంలో, సాహిత్యంలో అనుశీలించిన మహాగ్రంథాన్ని 1974లో ప్రకటించారు. చిత్రకళాశాస్త్రానికి ఆధారమైన విష్ణుధర్మోత్తరంలోని చిత్రసూత్రాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. భారత ప్రభుత్వం 1975లో పద్మభూషణ పురస్కారంతో ఆయనను గౌరవించింది. 1983లో శివరామమూర్తి పరమపదించారు. విజయనగర చిత్రకళపై ఆయన రచించిన గ్రంథం మరణానంతరం 1985లో అచ్చయింది. రాయలసీమ గర్వించదగిన లేపాక్షి చిత్రాల విశిష్టతను అది పాఠకలోకానికి పరిచయం చేసింది.

1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన తరువాత కూడా మద్రాసుకు చేరిన అమరావతి శిల్పాలు అక్కడే ఉండిపోయాయి. లండనుకు వెళ్ళినవి లండనులోనే ఉన్నాయి. అవి పుట్టినచోటికి రావాలనే కోరిక తెలుగువారిలో సహజం. ఆ ప్రశ్నకు సమాధానం ఏదైనప్పటికీ, ఒక విషయం మరువరానిది. ఒక శిల్పం మనదని చెప్పుకోవడానికి అది మన నేలపై దొరికితే చాలదు. దానిని మనం చదవగలగాలి. శివరామమూర్తి తెలుగునాట ఉద్యోగం చేయలేదు. అయినా తెలుగువారి పూర్వుల జీవితాన్ని, వారి పేర్లను, వారి నగలను, వారి వీణలను రాతినుండి చదివి మనకు అందించారు.

నేడు కళాచరిత్ర, పురావస్తుశాస్త్రం, మ్యూజియం నిర్వహణ విశ్వవిద్యాలయాలలో బోధనాంశాలుగా ఉన్నాయి. అమరావతిలోనూ నాగార్జునకొండలోనూ మ్యూజియాలు వెలిశాయి. కడపలో 1982లో భగవాన్ మహావీర ప్రభుత్వ మ్యూజియం ఏర్పడింది. శివరామమూర్తి తానే వేసుకోవలసి వచ్చిన బాట నేటి విద్యార్థులకు సిద్ధంగా ఉన్నది. కాని ఆ బాటలో నడిచేవారికి ఆయన చూపిన అర్హతలు మారలేదు. ప్రాచీనభాషపై ప్రేమ, పాతలిపిని గుర్తుపట్టే ఓర్పు, చూసినదాన్ని యథాతథంగా గీయగల చేయి, తెలిసినదాన్ని సామాన్యునికి చెప్పగల మనసు ఉండాలి. కమలాపురం పరిసరాలలో, పెన్నానది ఒడ్డున, రాయలసీమ పల్లెలలో పాత రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో ఏది పునాదిలో కలిసిపోతుందో, ఏది చరిత్రగా నిలుస్తుందో నిర్ణయించేది చదవగలిగిన మరొక మనిషి రాకయే.